చేమదుంపకి ఏసీ

తిండిని తినకూడదు. చూడాలి!

నవ్వకండి. పెళ్ళిలో రెండో స్వీటు తమ వరసదాకా రాలేదని ఇరవయ్యేళ్ళుగా వియ్యాలవారి గుమ్మం తొక్కని మనుషులున్న గోదావరి జిల్లాల్లో బతుకుతూ ఈ మాట అనడానికి ఎంత గుండె ధైర్యం కావాలో ఈ రచయితకి తెలుసు. ఆ ధైర్యాన్ని మొన్న మే నెలలో రాజమండ్రి వచ్చిన ఒక ఎగ్జిబిషన్ ప్రసాదించింది.

'ద్వీప సంస్కృతుల ఆహార చరిత్ర' అని దాని పేరు. ఎక్కడెక్కడో సముద్రాల మధ్య దీవుల్లో ఉండే జనం తరతరాలుగా ఏం పండించారు, ఎలా వండారు, ఎవరికి ముందు వడ్డించారు అన్నది ఫొటోలతో, బొమ్మలతో, అసలు వస్తువులతో చూపిస్తారు. ఊరూరా తిరుగుతూ మన ఊరొచ్చింది. ఇంతవరకూ మన ఊరికి అలా తిరుగుతూ వచ్చినవి సర్కస్సూ, చేనేత చీరల సేలూ తప్ప ఇంకేమున్నాయి చెప్పండి?

తిండిని చూడడంలో ఎన్ని లాభాలున్నాయో ఎప్పుడైనా ఆలోచించారా? షుగరు పెరగదు. గ్యాసు బండ నెలన్నర వస్తుంది. కూరలో ఉప్పు తక్కువైందని ఇంట్లో గొడవ రాదు, అద్దం వెనకున్న కూరలో ఉప్పెంతుందో ఎవరికి తెలుసు కనక! అల్లుడొస్తే కోడిని కొయ్యక్కర్లేదు. కోడి పుట్టుపూర్వోత్తరాలు నాలుగు లైన్లలో రాసి, ఫ్రేము కట్టించి, ఆయన ఎదురుగా పెడితే సరిపోతుంది. అల్లుడు చదువుకున్నవాడైతే రెండోసారి కూడా చదువుకుంటాడు.

ఇంత గొప్ప విషయాన్ని మనవాళ్ళు మొదటిరోజు సరిగ్గా అర్థం చేసుకోలేకపోయారు. అందులో వాళ్ళ తప్పు కూడా పూర్తిగా లేదు. ఏసీ ఉన్న పెద్ద హాలు ఊళ్ళో ఇంకోటి దొరక్క, మూఢంలో పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి ఖాళీగా ఉందని, ఒక కల్యాణ మండపంలో ఎగ్జిబిషన్ పెట్టారు. అదీ డైనింగ్ హాల్లో. మే నెల ఎండలో, భోజనం బొమ్మలున్న బ్యానరు కింద నుంచి, ఏసీ డైనింగ్ హాల్లోకి అడుగుపెట్టిన గోదావరి మనిషి ఏం చేస్తాడండీ? తిన్నగా పంపు దగ్గరకెళ్ళి చేతులు కడుక్కున్నాడు. పెద్దాపురం నుంచి బస్సులో వచ్చిన ఒక కుటుంబమైతే, మూఢంలో పెళ్ళేమిటని అనుమానపడుతూనే, చదివింపుల కవరు ఎవరికివ్వాలని వాకబు చేసింది.

ఈ గందరగోళాన్నంతటినీ నెట్టుకొచ్చింది శ్రీదివ్య అనే అమ్మాయి. ఎగ్జిబిషన్‌లో ఏ వస్తువు ఎక్కడ ఉండాలో నిర్ణయించే మనిషిని క్యూరేటరు అంటారట. ఆమె క్యూరేటరు. పెద్ద పట్నంలో చదువుకుంది. ముప్పై నిండని పిల్ల, మనిషి మంచిదే. దీవుల గురించి మాట్లాడుతుంటే ఆమె కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగేవి.

ఇక స్థానికంగా ఖర్చులు భరించి, వెయ్యి కొబ్బరికాయలు కూడా ఇచ్చిన దాత నాగేశ్వరప్రసాద్ గారు. మెయిన్ రోడ్డులో మూడు తరాల నుంచి కిరాణా హోల్‌సేల్. బ్యానరు కింద ఆయన పేరు వేశారు. ఆ పేరు వెయ్యడమే తరవాత జరిగినదానికి కొంత కారణమైంది.

ఇంతకీ ఈ ఎగ్జిబిషన్ విలువ తెలియని ఒక మనిషి గురించి మీకు చెప్పాలి. ఆమె పేరు వీరవేణి. ఊరు జాజిలంక.

లంక అంటే మీకు చెప్పక్కర్లేదు. గోదావరి మధ్యలో ఇసుకా ఒండ్రూ మేట వేసి తేలిన నేల. చుట్టూ నీళ్ళు, మధ్యలో మనుషులు, అరటి తోటలు, చేమ మళ్ళు, గేదెలు. చుట్టూ నీళ్ళుండి మధ్యలో మనుషులుంటే దాన్ని ద్వీపం అంటారా అని అడక్కండి. ద్వీపం కావాలంటే కనీసం విమానం ఎక్కి వెళ్ళేంత దూరం ఉండాలి. కొవ్వూరు వైపు రేవులో పడవెక్కి వెళ్ళేదాన్ని ద్వీపం అంటే ఏ యూనివర్సిటీ ఒప్పుకుంటుంది?

వీరవేణి జాజిలంకకి కాపురానికొచ్చినప్పుడు వాళ్ళకి ఏడెకరాలు. ఇప్పుడు మూడున్నర. మిగతా మూడున్నరా అమ్ముకోలేదు, పంచుకోలేదు. ఏటా వరదల్లో గట్టు విరిగి గోదావరిలో కలిసిపోయింది. భర్త పోయాక ఆ మిగిలిన నేలని ఆమే చూసుకుంటోంది. పాసు పుస్తకంలో మాత్రం ఏడెకరాలూ ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆ పుస్తకాన్ని గోదావరి ఏమీ చెయ్యలేకపోయింది.

కోత పడుతున్న వైపు బండరాళ్ళు దింపి కట్ట వేస్తే మిగిలినదైనా నిలుస్తుంది. ఆ మాటే ఎనిమిదేళ్ళుగా అర్జీ రాయించి ఇంజనీరు సత్యప్రసాద్ గారి ఆఫీసులో ఇస్తోంది. ఏ ఆఫీసో చెప్పడం మర్యాద కాదు. ఆయన ఎప్పుడూ కసురుకోలేదు. కూర్చోమ్మా అని కుర్చీ చూపించి, రాయి దొరకడం లేదమ్మా అని ఎనిమిదేళ్ళూ ఎంతో మృదువుగా చెప్పారు. అంత ఓపిక ఈ రోజుల్లో ఎవరికుంది?

ఆ సత్యప్రసాద్ గారే ఎగ్జిబిషన్‌కి ముఖ్య అతిథి అని, పదకొండింటికి రిబ్బను కత్తిరిస్తారని గ్రామ సచివాలయంలో పనిచేసే తబిత చెప్పింది. అర్జీ రాసిపెట్టేది కూడా ఆ అమ్మాయే. ఈసారైనా వరదలు రాకముందే ఆయన సంతకం పెడితే రాయి పడుతుంది. వీరవేణి పొద్దున్నే వంట చేసుకుని, ఒక చేత్తో అర్జీ, రెండో చేత్తో అయిదు గిన్నెల క్యారేజీ పట్టుకుని పడవెక్కింది. క్యారేజీ ఎందుకంటే, ఆ ఆఫీసరు గారు పదకొండింటికి అంటే ఒంటిగంట అని ఎనిమిదేళ్ళ అనుభవం చెప్పింది.

మండపం వాకిట్లోనే ఆమె ఆగిపోయింది. ఎదురుగా రాళ్ళు!

పసిఫిక్ దీవుల్లో నేలలో గుంట తవ్వి, రాళ్ళని ఎర్రగా కాల్చి, ఆకుల్లో చుట్టిన దుంపల్ని వాటి మీద పేర్చి, మట్టి కప్పి ఉడికిస్తారట. ఆ పొయ్యి నమూనా వాకిట్లో కట్టారు. దానికి గుప్పెడంతేసి రాళ్ళు ఓ రెండు బుట్టలు చాలని శ్రీదివ్య ఫోన్ చేసిందట. సత్యప్రసాద్ గారికి తెలిసిన రాళ్ళు కట్టలకి వేసేవే. అవే పంపించారు, రెండు లారీలు. ఇద్దరు మనుషులు కలిస్తే గానీ ఒకటి కదలదు. వాటితో పొయ్యి పెడితే అందులో ఏనుగుని ఉడికించొచ్చు.

ఈ రాళ్ళు ఎక్కడివని వీరవేణి గేటు దగ్గర వాచ్‌మన్ బుల్లియ్యని అడిగింది. "ఆయ్, ఇంజనీరు గారు పంపించారండి. పొద్దున్న ఫోన్ చేస్తే సాయంత్రానికి దిగిపోయాయండి," అన్నాడు బుల్లియ్య గర్వంగా.

 ఆమె ఒక రాయి మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడింది. ఇలాంటివి ఎన్నుంటే తన చేమ మడి అంచు నిలుస్తుందో లెక్క వేసుకుంటోంది. రెండు లారీలూ పడితే, ఇంటివైపు మూలైనా దక్కుతుందనిపించింది. కోపం రావాల్సిన చోట ఆమెకి ఆశ పుట్టింది. లంకవాళ్ళకి ఈ జబ్బు ఉంది.

లోపలికెళితే ఇంకా వింత. నల్ల మఖమలు గుడ్డ మీద ఒక చేమదుంప. దాని మీద ప్రత్యేకంగా ఒక లైటు. చుట్టూ గాజుపెట్టె, ఏసీ గాలి. ద్వీపవాసుల ప్రాణాధారం అని పక్కన తెలుగులోనే రాశారు. ఆ తరవాత సీమపనస, అరటి గెల, ఎండుచేప, కంద. ఆఖర్న కొబ్బరి కోరుకునే కోరు. వీరవేణి ఇంట్లో అత్తగారి కాలం నాటిది అచ్చం అలాంటిదే ఉంది, దానికి పిడి విరిగి గుడ్డ చుట్టారు.

ఆమెకి ఎక్కడలేని సంతోషం వేసింది. పేరు పలకడం కూడా రాని ఆ దేశాల వాళ్ళు తన వాళ్ళలాగే అనిపించారు. వాళ్ళకీ చేమే, వాళ్ళకీ కొబ్బరే, వాళ్ళకీ చుట్టూ నీళ్ళే. ఆ ఫొటోల్లో దుంపలు ఒలుస్తున్న ఒక ముసలావిడని చూసి, ఈవిడకీ చేతులు దురద పెడుతూనే ఉంటాయి కదా అని జాలిపడింది.

అలా చూసుకుంటూ ఆఖరి గదిలోకి వచ్చింది. అక్కడ జరిగినదే ఊరంతా చెప్పుకుంటోంది.

గది మధ్యలో చాప. చాప ముందు పెద్ద అరటాకు. పక్కన గ్లాసుతో నీళ్ళు. ఆకులో ఏమీ లేదు. పక్కనున్న బోర్డు మీద ఇంగ్లీషులో రాసిందేమిటంటే, సముద్రం పొంగి కొన్ని దీవులు మునిగిపోతున్నాయి, అక్కడి నేలతో పాటు అక్కడి వంటా పోతోంది, రాని ఆ వంటకి గుర్తుగా ఈ ఆకుని ఖాళీగా ఉంచాం, దయచేసి దీని ముందు ఒక నిమిషం మౌనంగా నిలబడండి అని. శ్రీదివ్య మూడు నెలలు ఆలోచించి చేసినది అది.

ఆలోచన గొప్పదే. కాకపోతే దాన్ని గోదావరి జిల్లాలో పెట్టింది. ఆకు వేసి వడ్డించకుండా ఉంచడమా? ఇక్కడ ఎంతటి బద్ధశత్రువుకైనా ఆకు వేశాక ముందు కాస్త పచ్చడైనా వడ్డించి, ఆ తరవాతే తగువు పెట్టుకుంటారు. పొద్దుట్నుంచీ నాగేశ్వరప్రసాద్ గారు ఆ గది చుట్టూ కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నారు. బ్యానరు కింద తన పేరు, లోపల ఖాళీ ఆకు. రేపు బజార్లో ఏమనుకుంటారు? కనీసం ఓ గరిటెడు పప్పన్నా వేయిద్దామండీ అని శ్రీదివ్యని రెండుసార్లు బతిమాలారు. ఖాళీగా ఉండడమే దాని అర్థమని ఆ అమ్మాయి ఓపిగ్గా వివరించింది. ఆయనకి అర్థమైంది గానీ మనసొప్పలేదు.

వీరవేణికి ఇంగ్లీషు రాదు. ఆమెకి కనిపించినది ఒకటే. ఎవరికో ఆకు వేశారు, వడ్డించేవాళ్ళు రాలేదు, పాపం ఈ పట్నం పిల్లకి చెయ్యడానికి మనుషులు లేరు. అంతే. చాప పక్కన కూర్చుని క్యారేజీ విప్పింది. కొబ్బరి పచ్చడి, అరటిపువ్వు కూర వడ్డించి, మధ్యలో అన్నం పెట్టి, దాని మీద చేమదుంపల పులుసు పోసింది. పెరుగు గిన్నె పక్కనే ఉంచింది. ఆ వాసనకి హాల్లో జనమంతా గదిలోకి వచ్చేశారు. నాగేశ్వరప్రసాద్ గారు పొద్దుట్నుంచీ మొదటిసారి గట్టిగా ఊపిరి పీల్చుకుని, ఆ తల్లికి చేతులెత్తి దణ్ణం పెట్టారు. ఆయన్ని చూసి మిగతావాళ్ళూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. శ్రీదివ్య గుమ్మంలో నిలబడిపోయింది. 

సరిగ్గా అప్పుడు, ఒంటిగంటకి, జనమంతా అప్పటికే కింద నుంచి దూరి వచ్చేసిన రిబ్బనుని కత్తిరించి సత్యప్రసాద్ గారు లోపలికొచ్చారు.

ఆయన స్థానంలో మీరుంటే ఏమనుకుంటారు? కల్యాణ మండపం. డైనింగ్ హాలు. చాప వేసి, ఆకు నిండా వడ్డించి, ఊళ్ళో పెద్దమనుషులు చేతులు కట్టుకుని మౌనంగా ఎదురుచూస్తున్నారు. మీరు ముఖ్య అతిథి. ఇంకా అనుమానం దేనికి? ఆయన బూట్లు విప్పి, చేతులు కడుక్కుని వచ్చి, ఇంత హడావిడి ఎందుకండీ అంటూ చాప మీద కూర్చుని, మునిగిపోతున్న దీవిని తినడం మొదలుపెట్టారు.

పులుసు రెండోసారి వేయించుకున్నారు. మూడోసారి వద్దంటూనే చెయ్యి అడ్డం పెట్టలేదు. గుమ్మం దగ్గర పెద్దాపురం ఆయన రెండో బంతి ఎప్పుడు లేస్తుందని మెల్లగా అడిగాడు. ఈలోగా పదిమంది ఫోన్లలో వీడియో తీశారు. అది అరగంటలో ఊరు దాటింది, గంటలో జిల్లా దాటింది. ఏడుపు మొహంతో నిలబడ్డ శ్రీదివ్యకి ఢిల్లీ నుంచి ఫోన్ వచ్చింది. ఖాళీ ఆకుని ఒక స్థానిక స్త్రీ నింపడం అనే ఆలోచన ఎంత అద్భుతంగా ఉందో అని పైవాళ్ళు పొగిడారు. పైవాళ్ళు పొగిడాక అది ముందే అనుకుని చేసినది కాదని చెప్పడానికి ఎవరికి నోరొస్తుంది?

సత్యప్రసాద్ గారు చెయ్యి కడుక్కుని, తృప్తిగా తేన్చి, వీరవేణి వైపు తిరిగారు. ఇన్నేళ్ళలో ఆమెని ఆయన మొదటిసారి సరిగ్గా చూశారు. ఏం కావాలమ్మా అని అడిగారు. ఆమె అర్జీ చేతికిచ్చింది.

"బయట రాళ్ళు చూశానండి. ఈ పండగ అయిపోయాక అవి మా లంకకి పంపించండి. వేరే ఏమీ వద్దండి."

ఆయన నిజంగానే కదిలిపోయారు. ఆ సంగతి ఒప్పుకోవాలి. అర్జీ మొత్తం పైకి చదివారు. జాజిలంకలో పండేవి చేమ, కంద, అరటి, దొండ అనీ, పోయినేడు కొట్టుకుపోయినవి ఇరవై కొబ్బరిచెట్లూ, గేదెల పాకా అనీ తబిత గుండ్రటి అక్షరాలతో రాసింది. కింద అంచున చేమదుంపల పులుసు చుక్క ఒకటి పడింది.  ఆయన జేబులోంచి పెన్ను తీశారు. మూత తీశారు. సంతకమైన కాగితం అందుకోవడానికి వీరవేణి చెయ్యి చాపింది.

"సార్, ఒక్క నిమిషం," అంది శ్రీదివ్య. "అది ఒరిజినల్. మీరు సంతకం పెడితే పాడైపోతుంది."

పెన్ను గాల్లో ఆగింది. ఆమె వివరించింది. ఎన్నో దేశాలు తిరిగినా, ఒక ద్వీపవాసి తన తిండి గురించి, తన నేల గురించి సొంతంగా చెప్పుకున్న ఇలాంటి కాగితం ఎక్కడా దొరకలేదట. పులుసు మరకతో సహా! దీన్ని ఎగ్జిబిషన్‌కి ఇస్తే ప్రపంచం చూస్తుందట. ప్రపంచం అనే మాట విన్నాక పెన్ను మూత పడింది. సత్యప్రసాద్ గారు అర్జీని రెండు చేతులతో శ్రీదివ్యకి అందజేస్తుండగా ఫొటో తీశారు. ఫొటోలో వీరవేణి కూడా ఉంది, చెయ్యి ఇంకా చాపే ఉంది.

సాయంత్రానికి అర్జీ ఫ్రేములోకెక్కింది. దాని మీద లైటు, చుట్టూ ఏసీ. వీరవేణి రాయి మీద చెయ్యి వేసి నిలబడ్డప్పుడు వాకిట్లో ఎవరో తీసిన వీడియో ముక్క కూడా ఊరంతా తిరిగింది కాబట్టి ఆ రాళ్ళకీ ఎక్కడలేని విలువ వచ్చేసింది. ఒక్కొక్కదానికి నంబరు వేశారు. వారం తరవాత ఎగ్జిబిషన్ ఊరు దాటినప్పుడు రెండు లారీల రాళ్ళూ, ఒక అర్జీ కూడా దానితో వెళ్ళిపోయాయి.

పాఠకులారా, ఒక్కసారి ఆలోచించండి. ఎనిమిదేళ్ళు ఆఫీసు బీరువాలో ఎలకలతో కాపురం చేసిన అర్జీలు ఎక్కడ, ఇన్సూరెన్సు చేయించుకుని దేశం తిరుగుతున్న ఈ అర్జీ ఎక్కడ! ఇప్పటికి వేలమంది దాన్ని చదివారు. ఏదో నగరంలో కాలేజీ పిల్లలు దాని ముందు నిలబడి ఏడ్చారని నాగేశ్వరప్రసాద్ గారి వాట్సాప్‌కి ఫొటో కూడా వచ్చింది. ఒక అర్జీ జీవితంలో ఇంతకన్నా ఏం కావాలి? పని జరగడమా? పని జరిగితే అర్జీని ఫైల్లో కట్టి పడేస్తారు. ఇంక దాన్ని చదివే నాథుడుండడు.

జూలైలో వీరవేణి ఆఫీసుకి వెళ్ళింది. సత్యప్రసాద్ గారు లేచి నిలబడి కుర్చీ వేశారు, పులుసు గుర్తుచేసుకున్నారు. కానీ ఫైల్లో అర్జీ లేదు కదమ్మా అన్నారు. అర్జీ లేకుండా రాయి పంపితే ఆడిట్‌లో ఆయన ఏం చెప్పుకుంటారు పాపం? ఒరిజినల్ తెచ్చుకోమన్నారు. శ్రీదివ్యకి ఫోన్ చేస్తే, ఆ అమ్మాయి నిజంగా బాధపడి, రెండేళ్ళ టూరు అయ్యాక తప్పకుండా పంపిస్తానంది.

కాబట్టి లంకవాళ్ళందరికీ ఈ రచయిత సలహా ఒక్కటే. రాళ్ళు అడక్కండి. ఎందుకు మీకీ పోరాటం? కాస్త ఓపిక పట్టి మునిగిపోండి. మునిగాక మీకంటూ ఒక గది ఉంటుంది. మీ చేమదుంపకి మఖమలు గుడ్డ వస్తుంది. మీరు బతికుండగా రెండు నిమిషాలు మీ మాట వినడానికి తీరికలేనివాళ్ళందరూ వచ్చి, మీ ముందు ఒక నిమిషం మౌనంగా నిలబడతారు. అంత గౌరవం నేల మీద ఉన్నవాళ్ళకి ఎక్కడైనా దొరుకుతుందా?

ఆగస్టులో గోదావరికి రెండో హెచ్చరిక దాకా వరదొచ్చింది. నీళ్ళు తీసిన మూడోరోజు వీరవేణి సచివాలయానికి వచ్చింది. ఈసారి క్యారేజీ లేదు. తబిత ఆమెని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, కొత్త కాగితం తీసుకుంది. పేరు రాసింది, ఊరు రాసింది.

"పొలం ఎంతని రాయమంటారండీ?"

వీరవేణి వేళ్ళ మీద లెక్క వేసింది.

"పొద్దున్న నేను పడవెక్కేటప్పటికి రెండూ ముప్పావు ఎకరాలుంది తల్లీ. గట్టు ఇంకా విరుగుతోంది. నువ్వు తొందరగా రాయి."